పంపని కబురు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటే తిరుగుతోంది. పెద్దదేం కాదు, ఒక్క ఊపిరిలో అనేసిన మాట. అన్నది మా ఇంటి అరుగు మీద, పట్టపగలు. ఎదురుగా నిలబడి విన్నది ఒక్క మనిషి. ఆ మాట వల్ల పొలం పనులు చేసుకు బతికే ఆడవాళ్ళ ముఠా ఒకటి చెదిరిపోయింది. కన్నతల్లీ బిడ్డల్లా బతికిన ఒక వదినా మరిదీ ఇవాళ్టికీ మాట్లాడుకోవడం లేదు. నేను మాత్రం బాగానే ఉన్నాను. పింఛను వస్తోంది. బీపీ మాత్ర వేసుకుంటే నిద్ర కూడా పడుతుంది.

మా ఆవిడతో చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. "ఎప్పటి గొడవో ఇప్పుడెందుకండీ" అంటుంది. ఆ మాట వింటే నాకు హాయిగా ఉంటుందని కూడా తెలుసు. అందుకే చెప్పలేదేమో. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఊరి పేరు రాయను. భీమవరానికి బస్సులో పోయి వచ్చేంత దూరంలో, కాలవ పక్కన ఉంటుందని మాత్రం అనుకోండి. మోసీ మోసీ విసుగొచ్చింది, అందుకే రాస్తున్నాను.

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఏటా ఒక పాఠం వచ్చేది, దేశపు శ్రామిక శక్తి అని. దేశంలో ఎంతమంది పనిచేస్తున్నారు, ఎంతమంది పనికోసం చూస్తున్నారు, ఆ సంఖ్య ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతోందా తగ్గుతోందా అన్న పాఠం. బోర్డు మీద గీత గీసేవాణ్ణి. ఆడవాళ్ళ గీత కిందికి దిగుతూ పోయేది. ఎందుకు దిగుతోందర్రా అని పిల్లల్ని అడిగేవాణ్ణి. చదువులు పెరిగాయి సార్, యంత్రాలు వచ్చాయి సార్ అని వాళ్ళు చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే ఆ గీత మా ఊరి దగ్గర ఒకచోట ఎలా దిగిందో నాకొక్కడికే తెలుసు. దాన్ని నేను దించాను.

పాఠం చెబుతూనే నాన్నగారి పొలం కూడా చూసుకునేవాణ్ణి. వరి. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఊడ్పులు మంగాయమ్మ ముఠా చేసేది. ఊడ్పులంటే నాట్లు. మా వైపు అలాగే అంటాం. మంగాయమ్మ ముఠాకి పెద్ద. నడివయసు మనిషి. మొగుడు పోయాడు. మొగుడి తమ్ముడు అబ్బులు చిన్నప్పుడే తల్లి లేనివాడైతే వాణ్ణి తన చేతి కూడు పెట్టి పెంచింది. ఆ అబ్బులే పెద్దవాడై మా దగ్గర పనికి కుదిరాడు. పొలానికి నీళ్ళు పెట్టడం, గేదెల్ని చూడటం, ఊళ్ళోకి కబుర్లు తీసుకెళ్ళడం వాడి పనులు.

ఈ కబురు సంగతి మీకు సరిగ్గా చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఏమిటో అర్థం కాదు. మా వైపు ముఠా వాళ్ళు పని ఉందా అండీ అని ఇంటింటికీ తిరగరు. తిరిగితే చులకన. రైతే ఆకుమడి, అంటే నారుమడి, ఎదుగుదల చూసుకుని ఫలానా రోజున రమ్మని కబురు చేయాలి. ముందు ఎవరు మాటిస్తే వాళ్ళ చేలు అయ్యాకే రెండోవాళ్ళవి. మధ్యలో ఇంకొకరు ఎంత బతిమాలినా దిగరు. ఇక రైతు మాటల్లో కూడా తేడాలున్నాయి. "చూద్దాంలే" అంటే లేదని అర్థం. మొహం మీద లేదని చెప్పడం మాకు రాదు, మర్యాదస్తులం కదా. "కబురు చేస్తాలే" అన్నామంటే మాత్రం అది మాటిచ్చినట్టే. ఈ తేడా మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదని చెప్పుకోలేను.

అసలు గొడవ ఒక నవ్వుతో మొదలైంది. రాయడానికి సిగ్గుగా ఉంది, ఇంత చిన్న కారణమా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను, చాలాసార్లు. ఒక ఏడాది ఊడ్పులప్పుడు మా కాలేజీలోనే పనిచేసే ఒకాయన్ని పొలం చూపిస్తానని వెంట తీసుకెళ్ళాను. గట్టు మీద నిలబడి సాగుబడి గురించి ఉపన్యాసం ఇస్తున్నాను. వరసలు ఎడమెడంగా పడుతున్నాయని నాకు అనిపించింది. అక్కడి నుంచే చెప్పొచ్చు కదా! ప్యాంటు మడిచి, ఎలా నాటాలో చూపిస్తానని దమ్ము చేసి బురదగా ఉన్న చేలోకి దిగాను. రెండో అడుగుకే కాలు దిగబడి బోర్లా పడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా. కాలు కాదు, మొహం కడుక్కోవాల్సి వచ్చింది.

మంగాయమ్మే వచ్చి చెయ్యి అందించింది. లేపుతూ, వెనక్కి తిరిగి తన వాళ్ళతో అంది.

"మాస్టారు గోరు మన ముఠాలో చేరిపోయేరే! ఆయనక్కూడా ఓ కట్ట అందియ్యండే!"

ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒంగినవాళ్ళు ఒంగినట్టే నవ్వారు. గట్టు మీద మా కాలేజీ ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటలో వెటకారం ఏమీ లేదు. చనువు ఉంది, అంతే. కానీ మర్నాడు స్టాఫ్‌రూములో నా పేరు ముఠామాస్టారు అయిపోయింది. చాన్నాళ్ళు అలాగే పిలిచారు. పిల్లలకి కూడా తెలిసింది. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి చిన్న గొంతుతో ఎవడో ఒకడు అనేవాడు. నాకు కోపం వాళ్ళ మీద రావాలి. వాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే వాళ్ళు ఊరుకోరు కదా. అది నెమ్మదిగా మంగాయమ్మ మీదికి తిరిగింది. ఎలా తిరిగిందో, ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు. ఒక మనిషి చెయ్యి అందించి లేపితే, లేపిన చేతి మీదే కక్ష పెట్టుకోవడం ఏం బుద్ధి? చదువుకున్న బుద్ధా అది?

తర్వాతి సార్వాకి పక్క ఊరి రైతు ఒకాయన బెంగాల్ నుంచి వచ్చిన మనుషుల చేత ఊడ్పులు చేయిస్తున్నానని చెప్పాడు. నేనూ ఆయన ద్వారా మాట్లాడేసుకున్నాను. దాంట్లో నాకు పెద్దగా కలిసొచ్చిందేం లేదు. మంగాయమ్మ నా చేలో దిగకూడదు, అంతే. ఇది జరిగిన నాలుగైదు రోజులకి కాలవ వంతెన మీద ఆమె ఎదురుపడింది.

"ఆకు బాగా లేసిందంటండి మాస్టారు గోరూ. ఎప్పుడనుకుంటున్నారండి?"

చూద్దాంలే అని ఉంటే సరిపోయేది. ఆమె అర్థం చేసుకుని ఇంకో రైతుకి మాట ఇచ్చేది. నా నోటికి అది రాలేదు. చూద్దాంలే అంటే ఎందుకని ఆమె మనసులో ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు.

"కబురు చేస్తాలే మంగాయమ్మా," అన్నాను.

"ఆయ్, అలాగేనండి," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాళ్ళు ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఇద్దరు రైతులు వచ్చి పిలిస్తే, మాస్టారికి మాటిచ్చేశామండి, వారివి అయ్యాక వస్తాం అన్నారట. ఆ రైతులు ఆగలేదు, వేరే మనుషుల్ని చూసుకున్నారు. ఇదంతా నాకు అబ్బులు చెబుతూనే ఉన్నాడు. వాడికీ బెంగాల్ వాళ్ళ సంగతి నేను చెప్పలేదు. రేపో మాపో మంగాయమ్మతో ఏదో ఒకటి అనేయాలని నేను అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడంలో రోజులు పోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సర్వే అమ్మాయి వచ్చింది. ఎవరు పనిచేస్తున్నారు, ఎవరు చేయడం లేదు అని ఇంటింటికీ వెళ్ళి అడిగే సర్వే. పంచాయతీ వాళ్ళు, ఎకనామిక్స్ మాస్టారు గారున్నారు కదా అని ఆమెను నా దగ్గరికి పంపారు. తోడు వెళ్ళాను. మంగాయమ్మ వాళ్ళ పేటలో ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద కూర్చుని ప్లాస్టిక్ పట్టాలు కత్తిరించి కుట్టుకుంటున్నారు. వానలో నాట్లేసేటప్పుడు తల మీంచి వీపు మీదికి కప్పుకోడానికి అవి. నా చేలో కప్పుకోడానికి.

"పనికోసం ఎక్కడైనా వెతుకుతున్నారా అమ్మా?" అని ఆ పిల్ల అడిగింది.

"ఎతుక్కోడమేంటమ్మా?" అంది మంగాయమ్మ, ఆ మాటకే చిన్నబుచ్చుకున్నట్టు. "మాకు కబురొత్తాది. ఇదుగో, మాస్టారు గోరే ఉన్నారు కదా, అడుగు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మెడలో కండువా సర్దుకున్నాను.

కొంచెం ఇవతలికి వచ్చాక ఆమె నన్ను అడిగింది, "సార్, వీళ్ళని ఎలా రాయాలి? పని లేదు, వెతకడం కూడా లేదంటున్నారు. పని దొరికితే చేస్తారా అని కూడా అడగాలి, మళ్ళీ వెనక్కి వెళ్దామా?" అని. "అక్కర్లేదమ్మా, ఇంటి పట్టునే ఉంటున్నారని రాసుకో" అన్నాను. వెనక్కి వెళితే సంభాషణ మళ్ళీ నా కబురు దగ్గరికే వస్తుందని భయం. ఆ విధంగా, పని కోసం పట్టాలు కుట్టుకుంటున్న మనుషులు పని అక్కర్లేనివాళ్ళ కింద జమపడ్డారు. శ్రామిక శక్తి అంటే ఏమిటో పిల్లల చేత బట్టీ పట్టించేవాణ్ణి నేను. ఆ అరుగు మీద కూర్చున్నది అదేనని తెలిసి కూడా తీసి పక్కన పెట్టించాను.

తర్వాత బెంగాల్ వాళ్ళు వచ్చారు. మా చేలు కాలవకి అవతల ఉన్నాయి. పేట నుంచి చూస్తే కనపడవు. అబ్బుల్ని ఆ రెండు రోజులూ గేదె పని మీద వాడి మేనత్త ఊరికి పంపేశాను. చూశారా, ఎంత ముందుచూపో! నాట్లు అయిపోయాయి. వీధిలో మాట పాకింది. అప్పుడు వచ్చింది మంగాయమ్మ, ఒక్కతే, మా అరుగు దగ్గరికి. మెట్టు ఎక్కలేదు.

"మాస్టారు గోరూ, మీ చేలో ఊడ్పులయిపోయాయంటండి."

"అయిపోయాయి మంగాయమ్మా."

"మాకు కబురు రాలేదండి."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేనూ కోప్పడి ఉండేవాణ్ణి. ఎక్కడో ఏదో పొరపాటు జరిగింది, అదేంటో మీకు తెలిసి ఉంటుంది అన్నట్టు అడిగింది. ఆ నమ్మకానికి నేను భయపడ్డాను. ఇంటి లోపల మా ఆవిడ వింటోంది. వీధిలో మనుషులు పోతున్నారు. నేను పెద్దమనిషిని.

"పంపాను కదా," అన్నాను. "అబ్బులుతో చెప్పి పంపాను. చెప్పలేదా?"

"అబ్బులుతోనాండి?"

"ఆఁ. మీరు వస్తారని చూశాను. రాలేదు. ఆకు ముదిరిపోతోందని ఇక వాళ్ళని పిలవాల్సి వచ్చింది."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది భలే అతికింది. అబ్బులు సాయంత్రమైతే కొంచెం తాగుతాడు. ఒకటి రెండుసార్లు చెప్పిన పనులు మర్చిపోయాడు కూడా. ఇదంతా ముందే ఆలోచించి అన్నానా? లేదు. ఆలోచించకుండానే నా నాలుక వాణ్ణే ఏరుకుంది. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఎవరి మీదికి తోస్తే చెల్లుబాటవుతుందో నాకు లోపల ఎక్కడో ఎప్పుడూ తెలుసన్నమాట.

"మీ తప్పేం లేదండి," అంది మంగాయమ్మ. "ఆడు సెప్పలేదండి." అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళ పేటలో ఏం జరిగిందో నేను చూడలేదు, వినాల్సి వచ్చింది. మొత్తం సీజను పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఊరుకుంటారా? అబ్బులు బెంగాల్ వాళ్ళ దగ్గర డబ్బు తిని కబురు తొక్కిపెట్టాడని ఒకరన్నారు. మంగాయమ్మకి తెలిసే ఉంటుందని ఇంకొకరు. వదినా మరిదీ కలిసి మమ్మల్ని ముంచారని మూడోవాళ్ళు. ఆ నింద మంగాయమ్మ తట్టుకోలేకపోయింది. నా చేతి కూడు తిని నా నోట్లోనే మట్టి కొట్టావురా, ఇక నా గడప తొక్కొద్దు అని అబ్బుల్ని అందరి ముందూ అనేసింది.

మర్నాడు పొద్దున్నే వాడు మా పాక దగ్గరికి వచ్చాడు. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు.

"మాస్టారండీ, మీరు నాతో చెప్పేరాండి?"

వాడు నన్ను నిలదీయడానికి రాలేదు. తెలుసుకోడానికి వచ్చాడు. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. పాకలో మేమిద్దరం, రెండు గేదెలు. ఇంకెవరూ లేరు. ఎవరూ లేనప్పుడు కూడా నేను చెప్పలేదు.

"చెప్పాను కదరా," అన్నాను.

వాడు తల గోక్కుని, "చెప్పే ఉంటారండి," అన్నాడు. "నేనే మర్చిపోయుంటానండి. ఎదవ తాగుడు."

ఆ రోజు నుంచి మందు ముట్టలేదు వాడు. నెల తిరక్కుండా హైదరాబాదు పోయాడు. ఇప్పటికీ అక్కడే ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. నా అబద్ధం పుణ్యమా అని వాడు బాగుపడ్డాడని ఒకప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి ఎంతకైనా దిగజారి సమాధానపడగలడు.

ముఠా మళ్ళీ కలవలేదు. మంగాయమ్మ పిలిస్తే వచ్చేవాళ్ళు లేరు, ఆమె పిలవడమూ మానేసింది. ఒక్కొక్కరే భీమవరం వైపు రొయ్యలు వలిచే షెడ్లకి వెళ్ళడం మొదలుపెట్టారు. నా చేలో పని చూసి మిగతా రైతులు కూడా బయటివాళ్ళకి అలవాటు పడ్డారు. కొన్నాళ్ళకి నిజంగానే ఊళ్ళో మనుషులు దొరకడం మానేశారు. కొందరు చేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. నేనూ చేశాను. కాలేజీలో ఒక సభ జరిగితే ఆ వేదిక మీద నేను గొంతు సవరించుకుని, "మా ఊరే తీసుకోండి, పని ఉన్నా మనుషులు రావడం లేదు, ఆడవాళ్ళు శ్రామిక శక్తి నుంచి తప్పుకుంటున్నారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ముఠామాస్టారు అన్న పేరు అప్పటికి అందరూ మర్చిపోయారు.

దేశంలో గీత నా ఒక్కడి వల్ల దిగలేదు. అంత గొప్పవాణ్ణి కాను. మంగాయమ్మ ముఠా ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చెదిరిపోయేదేమో. యంత్రం రాకుండా ఉండేదా, షెడ్డు పెట్టకుండా ఉండేవారా? ఈ వాదన నాకు బాగా వచ్చు. క్లాసులో చెప్పినట్టు చెప్పగలను. కానీ ఎలాగూ పోయే మనిషే కదా అని మనం ఎవరినీ తోసెయ్యం కదా. తోసింది నేను. ఇప్పుడు ఆడవాళ్ళ గీత మళ్ళీ లేస్తోందంటున్నారు. మంచిదే. ఐసు నీళ్ళలో రొయ్యలు వలిచి వేళ్ళు నాని పాసిపోయాక మంగాయమ్మ కూడా లెక్కలోకి ఎక్కి ఉంటుంది.

మొన్న వంతెన దగ్గర కనిపించింది. షెడ్డు వాను కోసం నిలబడింది. ముసలిదైపోయింది. మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాం, మీరూ అమ్మగారూ రావాలండి అని పిలిచింది. "అబ్బులు వస్తున్నాడా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఆణ్ణెలా పిలుత్తానండి," అంది. "మీ ముందు నా తల తీసేసేడు. మీరు పెద్దమనసు చేసుకున్నారు కాబట్టి సరిపోయిందండి."

వాను వచ్చింది. ఎక్కేటప్పుడు నాకు దణ్ణం పెట్టింది.

అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. ఆమె ఇంటి దాకా ఒకసారి వెళ్ళి, పందిరి వేస్తుంటే చూసి వెనక్కి వచ్చాను. అబ్బులు ఫోన్ నంబరు నా దగ్గరుంది. నొక్కబోయి ఆపేశాను. చెబితే వాళ్ళు క్షమిస్తారేమో అన్నది నా భయం కాదు, ఆశా కాదు. ఆమె మళ్ళీ "మీ తప్పేం లేదండి" అంటుందేమో అనే భయం. ఆ మాట ఇంకోసారి వినలేను. ఏ రోజుకి చెబుతానో మీకు మాటివ్వను. నా మాట సంగతి మీరు చూశారు కదా. అందుకని ముందు ఇక్కడ, మీ ఎదుట, నోటికి రాని ఆ రెండు ముక్కలూ చేత్తోనైనా రాసేస్తున్నాను. రాస్తుంటే చెయ్యి తేలికపడుతోంది, అది నిజం.

అబ్బులూ, నేను నీకు ఏ కబురూ చెప్పలేదురా. నువ్వేమీ మర్చిపోలేదు.